కూడిక గుర్తు

శనివారం ఐదుంబావు బస్సు, నగరి నుంచి తిరుపతికి.
ఒళ్ళో టిఫిన్ డబ్బా, దాని మీద బయోస్టాటిస్టిక్స్ నోట్సు,
నలభై రెండేళ్ళ కళ్ళకు ఈ మధ్యే వచ్చిన అద్దాలు.
పుత్తూరులో కట్టు కట్టించుకున్న చెయ్యి ఒకటి ఎక్కింది,
కోడిగుడ్డు సొన, ఆకుపసరు వాసనతో.
రేణిగుంటలో మొక్కున్న జుట్లు ఎక్కాయి.
సాయంత్రం తిరుగు బస్సు నిండా గుండ్లే.

"ఆ బస్సును చూసి, ఈ రాష్ట్రంలో సగం మందికి జుట్టు లేదని
రాసేస్తే ఎట్టా ఉంటుందమ్మా?"
మొదటి క్లాసులో కోదండపాణి సారు అడిగారు.
శాంపిల్ అంటే ఏమిటో ఆ రోజు నుంచీ మరిచిపోలేదు.

పదకొండు మందిమి.
ఒకాయన పశువుల డాక్టరు. ఈనని ఆవుల లెక్క తేల్చాలట.
మందుల కంపెనీ అమ్మాయి ఒకతి,
ప్రతి వారమూ ఇదే ఆఖరి వారం అంటుంది, మళ్ళీ వస్తుంది.
నేను టీబీ సూపర్‌వైజర్ని.
పందొమ్మిదేళ్ళుగా తెమడ డబ్బాలు, మాత్రల అట్టలు,
మరమగ్గాల మోతలో గొంతు చించుకుని అడిగే ప్రశ్నలు.
రాత్రి తొమ్మిదింటికి, పప్పు పొంగుతుండగా,
మా పిల్లోడి ఇంటర్ పుస్తకంలో నాకు ఇంటిగ్రేషన్ దొరికింది.
"పేజీకి తాళింపు అంటించినావు" అని వాడు రెండు రోజులు మాట్లాడలేదు.

ఈ వారం పాఠం, బతికిన రోజుల లెక్క.
సారు బోర్డు మీద మెట్లు గీశారు.
అలిపిరిలో మెట్టుమెట్టుకూ పసుపు పూసుకుంటూ ఎక్కేవాళ్ళని చూశాను.
ఇవి దిగడానికి మాత్రమే ఉన్న మెట్లు.
గీత దిగిన చోటల్లా ఒక మనిషి.
మధ్య మధ్య, మెట్టు మీద, చిన్న కూడిక గుర్తు.
"వీళ్ళు చనిపోలేదు. మనకి కనపడకుండా పోయారు."
తగ్గిపోయిన వాళ్ళకి కూడిక ఎందుకో
మాలో ఎవరూ అడగలేదు.

"పోయినవాళ్ళూ ఉన్నవాళ్ళలాంటి వాళ్ళేనని అనుకుందాం" అన్నారు.
ఆ 'అనుకుందాం' దగ్గర నా చెయ్యి దానంతటదే లేచింది.
"కాదు సార్. మా దగ్గర పోయినోళ్ళు
ఉన్నోళ్ళ కంటే ఎక్కువ దగ్గినోళ్ళు."

ఫ్యాను ఒకటే తిరిగింది.
సుద్దముక్కని అరచేతిలో దొర్లించుకుంటూ సారు,
"నిజమే కావచ్చు.
చూపించాలంటే ఆ పోయినోళ్ళే కావాలి కదమ్మా."

నా షీటులో ఎనభై ఏడో వరస.
దొరసామి. యాభై మూడు. మరమగ్గం. బరువు నలభై ఒకటి.
నూట పద్దెనిమిదో రోజు ఆఖరి సంతకం, ఆపైన ఫోను స్విచాఫ్.
మాత్ర మింగి బెల్లం ముక్క అడిగేవాడు,
"మేడమ్, ఎర్రంచు నాకు బాగా పడతాది, నీకొకటి నేస్తా" అనేవాడు.
వీటికి షీటులో గడి లేదు.

సోమవారం డ్యూటీ దిగి ఆ వీధికి పోయాను.
తాళం. గడప మీద ఎండిన వేపాకు.
పక్కింటామె సగం తమిళంలో, సగం మన మాటలో,
"తిరుత్తణి, బామ్మర్ది ఇంటికంట.
పోయి చేరినాడో, నడాన దిగిపోయినాడో."

రాత్రి షీటు తెరిచాను.
ఒకటా, సున్నానా, అని అడుగుతుంది గడి.
సున్నా అంటే ఉన్నాడని కాదు. తెలియదని.
నూట పద్దెనిమిది రోజులు మటుకు నా ఎదుట బతికాడు,
ఆ రోజుల్ని ఏ సూత్రమూ కొట్టెయ్యదని సారే చెప్పారు.
సున్నా కొట్టాను. వేలు తియ్యలేదు,
గడి నిండా సున్నాలు పడ్డాయి.
ఒక్కటి ఉంచి మిగతావి చెరిపాను.

పరీక్షకు కూర్చోవాలంటే హాజరు డెబ్బై ఐదు శాతం.
నాది డెబ్బయ్యారు.
వచ్చే శనివారం తిరుత్తణి బస్సు ఆరున్నరకి,
అదే స్టాండులో, ఎదుటి వైపు.